బహుమతిగా మొక్క ఇవ్వాలంటే: ఎంపిక నుంచి చేతికిచ్చేదాకా

గృహప్రవేశానికో పుట్టినరోజుకో మొక్క ఇద్దామనుకునేవాళ్ళు బాగా పెరిగారు, వాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "పెద్దగా పట్టించుకోకపోయినా బతికే మొక్క ఏదైనా చెప్పండి." పేరు చెప్పడం నిమిషం పని. కానీ ఒకరింట్లో మూడేళ్ళుగా కళకళలాడుతున్న మొక్కే ఇంకొకరింట్లో నెల తిరక్కుండా కుళ్ళిపోతుంది. మొక్క అదే, నర్సరీ అదే, ఇల్లు వేరు. అందుకే ముందు ఇల్లు చూసి, తర్వాత మొక్క చూడాలి. కింద చెప్పిన వరుసలోనే చేసుకుంటూ వెళ్ళండి, మధ్యలో ఏదీ దాటెయ్యకండి.

1. నర్సరీకి వెళ్ళేముందు ఆ ఇంటి గురించి కనుక్కోండి

నాలుగు సంగతులు తెలిస్తే చాలు.

మొదటిది వెలుతురు. మన అపార్ట్‌మెంట్లలో హాలుకి ఒకవైపే బాల్కనీ ఉంటుంది, అదీ చాలాచోట్ల పక్క బిల్డింగ్ గోడకి ఎదురుగా ఉంటుంది. ఇల్లంతా తెల్లటి రంగు, పైన ఎల్‌ఈడీ లైట్లు ఉంటే మన కంటికి బోలెడు వెలుతురు ఉన్నట్టే అనిపిస్తుంది గానీ మొక్కకి అది చాలదు. మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో లైట్లన్నీ ఆపేసి, మొక్క పెట్టబోయే చోట గోడకి జానెడు దూరంలో చెయ్యి అడ్డం పెట్టండి. వేళ్ళ నీడ అంచులతో సహా స్పష్టంగా పడితే మంచి వెలుతురు. మసకమసకగా పడితే మధ్యస్థం. నీడే తెలియకపోతే తక్కువ వెలుతురు. మీరు వెళ్ళలేకపోతే పగటిపూట వీడియో కాల్ చేసి "కొత్త ఇల్లు చూపించు" అంటే చాలు, కిటికీలు ఎటున్నాయో, హాల్లో పగలు కూడా లైటు వేసుకునే ఉన్నారో తెలిసిపోతుంది.

రెండోది నీళ్ళు పోసే మనిషి. ఇది చాలామంది ఆలోచించరు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళి, శని ఆదివారాలు ఊళ్ళకి పోయే ఇల్లయితే ఆ మొక్కకి ఎండిపోవడం నుంచే ప్రమాదం. ఇంట్లో అత్తగారో అమ్మగారో ఉండి పొద్దున్నే తులసికి నీళ్ళు పోసే అలవాటుంటే, పక్కనే ఉన్న మీ మొక్కకి కూడా రోజూ ఒక చెంబు పడుతుంది, ప్రేమగానే. అలాంటి ఇంటికి నీళ్ళు తక్కువ కావాల్సిన మొక్క ఇచ్చారంటే వేరు కుళ్ళి పోతుంది. "అస్సలు చావదు" అని పేరున్న మొక్కలు ఎక్కువగా పోయేది ఇలాంటి ఇళ్ళలోనే.

మూడోది పాకే పిల్లలు, పిల్లి, కుక్క. ఉన్నారా లేరా అని కచ్చితంగా అడగండి, ఊహించుకోవద్దు.

నాలుగోది పట్టింపులు. ముళ్ళ మొక్కని ఇంట్లో పెట్టుకోం అనేవాళ్ళు ఉంటారు. బోన్సాయ్ అంటే ఎదుగుదల ఆగిపోతుందనేవాళ్ళు ఉంటారు. ఇంట్లో పెరుగుతున్న మనీ ప్లాంట్ నుంచి తీగ తుంచి ఇస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని ఇవ్వనివాళ్ళూ, అలా వచ్చింది తీసుకోనివాళ్ళూ ఉన్నారు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, శుభకార్యానికి వెళ్తూ వాళ్ళ మనసులో ముల్లు పెట్టి రావడం ఎందుకు? వాదించే సందర్భం కాదది. వాళ్ళ పట్టింపుకి అడ్డు రాని మొక్కలు బోలెడున్నాయి.

ఫోన్లో రాసుకోండి:
- హాల్లో పగటి వెలుతురు: మంచి / మధ్యస్థం / తక్కువ
- నీళ్ళు పోసేది ఎవరు, రోజూ పోసే అలవాటుందా, ఊళ్ళకి వెళ్తుంటారా
- ఐదేళ్ళ లోపు పిల్లలు, పెంపుడు జంతువులు
- ముళ్ళు, బోన్సాయ్ లాంటి పట్టింపులు
- హాల్లో ఏసీ పగలంతా నడుస్తుందా

2. ఏ ఇంటికి ఏ మొక్క

తక్కువ వెలుతురు, మర్చిపోయే మనుషులు: జీజీ (ZZ) ప్లాంట్. మట్టి కింద బంగాళాదుంపల్లాంటి దుంపలుంటాయి, నీళ్ళన్నీ వాటిలోనే దాచుకుంటుంది. మూడు వారాలకోసారి పోసినా సరిపోతుంది. పది రోజులు ఊరెళ్ళి తాళం వేసినా దీనికి టెన్షన్ లేదు. కొత్త కొమ్మ నెమ్మదిగా వస్తుంది, నెలల తరబడి అలాగే ఉన్నట్టు కనిపిస్తుంది, ఆ సంగతి ఇచ్చేటప్పుడే చెప్పాలి. లేకపోతే పెరగట్లేదని నీళ్ళు పెంచేస్తారు.

అదే ఇంటికి ఇంకో మంచి ఎంపిక స్నేక్ ప్లాంట్. వెలుతురు తక్కువైనా ఓర్చుకుంటుంది, ఎక్కువైనా ఓర్చుకుంటుంది. నిలువుగా పెరుగుతుంది కాబట్టి టీవీ స్టాండ్ పక్కన, షూ ర్యాక్ మీద, ఇరుకు చోట్లోనూ ఇమిడిపోతుంది. పేరు విని మొహం చిట్లించేవాళ్ళకి గుండ్రంగా, పొట్టిగా, పువ్వులా విచ్చుకునే రకం ఇవ్వండి, దానికి పాము పోలికే ఉండదు.

రోజూ నీళ్ళు పోసే ఇల్లు, వెలుతురు బాగుంది: అరెకా పామ్. కుండీకి రంధ్రాలు సరిగ్గా ఉంటే నీళ్ళు బాగానే తాగుతుంది, పిల్లలకీ పిల్లులకీ కుక్కలకీ విషం కాదు, ఇల్లు నిండుగా కనిపిస్తుంది. వెలుతురు మధ్యస్థంగా ఉంటే పీస్ లిల్లీ ఇవ్వొచ్చు. దాహం వేస్తే ఆకులు వాల్చేసి తనే చెబుతుంది, నీళ్ళు పోసిన కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. నీళ్ళు ఎప్పుడు పోయాలో తెలియనివాళ్ళకి ఇంతకంటే మంచి గురువు లేదు. కానీ పిల్లి ఉన్న ఇంటికి వద్దు.

పాకే పిల్లలు, పిల్లి, కుక్క ఉన్న ఇల్లు: స్పైడర్ ప్లాంట్, పెపరోమియా, అరెకా పామ్. ఈ మూడూ పిల్లులకీ కుక్కలకీ హాని చేయనివి. మనీ ప్లాంట్, సింగోనియం, అగ్లోనిమా, జీజీ, పీస్ లిల్లీ, వీటన్నిటి ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నమిలితే నోరు మండి వాస్తుంది. ప్రాణం మీదికి రావడం అరుదు గానీ ఏడాది పిల్ల నోట్లో పెట్టుకుంటే ఆ ఇంట్లోవాళ్ళ కంగారు మామూలుగా ఉండదు. ఇదే కోవలోని డిఫెన్‌బాకియా మరీ ఘాటు, నాలుక వాచి మాట కూడా సరిగ్గా రాదు. పిల్లలున్న ఇంటికి ఆ మొక్క వద్దే వద్దు. కుక్క ఉంటే సైకస్ అసలు ఇవ్వకండి, తింటే కుక్క కాలేయం దెబ్బతిని చనిపోయేంత విషం అది.

పాకే పిల్లలు, పిల్లి, కుక్క లేని ఇంటికి ఏం ఇవ్వాలో తెలియకపోతే: మనీ ప్లాంట్. నీళ్ళలోనూ పెరుగుతుంది, మట్టిలోనూ పెరుగుతుంది, వేలాడదీసినా, కర్రకి పాకించినా బాగుంటుంది. వెలుతురు తక్కువైతే ఆకుల మీది పసుపు, తెలుపు మచ్చలు తగ్గి పచ్చగా అయిపోతాయి, అంతే.

రంగు కావాలనుకుంటే అగ్లోనిమా. ఎరుపు, గులాబీ రంగు రకాలకి వెలుతురు కాస్త ఎక్కువ కావాలి. పచ్చటి రకాలు చీకటి గదినీ ఓర్చుకుంటాయి. నర్సరీలో ఎర్రది చూడగానే చెయ్యి దాని మీదికే పోతుంది, మీరు రాసుకున్న వెలుతురు సంగతి అప్పుడు గుర్తు చేసుకోండి.

లక్కీ బాంబూ గురించి ఒక మాట. ఇది వెదురు కాదు, డ్రసీనా జాతి. ఇవ్వడం తేలిక, బతకడం కూడా తేలికే. కానీ నీళ్ళలో పెంచే ఏ మొక్కయినా వారానికోసారి నీళ్ళు పారబోసి, గాజు పాత్ర లోపలి గోడలు కూడా రుద్ది కడగాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్ళలోనే, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఈ మాట చెప్పకుండా లక్కీ బాంబూ ఇవ్వకండి. డ్రసీనా పిల్లులకి పడదు, అదీ గుర్తుంచుకోండి.

ఇవి మాత్రం వద్దు, ఎంత ముచ్చటగా ఉన్నా:
- ఫిడిల్ లీఫ్ ఫిగ్: చోటు మారిస్తే చాలు ఆకులు రాల్చేస్తుంది
- కెలాథియా, ఫెర్న్‌లు: గాలిలో తేమ ఉండాలి, తెలంగాణ వేసవికీ ఏసీ గదికీ అంచులు మాడిపోతాయి
- క్రోటన్, అడీనియం, జేడ్, గులాబీ: ఎండ తగలాల్సినవి, హాల్లో పెడితే డీలా పడతాయి. బాల్కనీలో ఎండ వస్తుందని తెలిస్తేనే ఇవ్వండి
- రంగులు పూసిన కాక్టస్‌లు, జిగురుతో పువ్వు అంటించినవి: ఆ రంగు మొక్కని ఊపిరి పీల్చుకోనివ్వదు
- మూత ఉన్న గాజు జాడీలో పెట్టిన సక్యులెంట్లు (మందపాటి ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కలు): తేమకి కుళ్ళిపోతాయి

తులసి ఇవ్వొచ్చా అని చాలామంది అడుగుతారు. తులసికి కనీసం నాలుగైదు గంటల ఎండ కావాలి, ఇంటి లోపల బతకదు. పైగా తులసి ఎండిపోతే ఆ ఇంటివాళ్ళు బాధపడతారు, దాన్ని మామూలు మొక్కలా తీసి పారేయలేరు. బాల్కనీలో ఎండ ఉండి, వాళ్ళే కావాలని అడిగితే తప్ప నేను ఇవ్వను.

గాలి శుభ్రం చేస్తుందని చెప్పి అమ్మే మొక్కలకి ఎక్కువ డబ్బు పెట్టకండి. 1989 నాటి నాసా ప్రయోగం గాలి చొరబడని చిన్న గదుల్లో చేసింది. కిటికీలు తీసి ఉండే మామూలు ఇంట్లో ఒకటి రెండు కుండీల వల్ల గాలిలో తేడా తెలియదు. కంటికి హాయిగా ఉంటుంది, అది చాలదా?

3. నర్సరీలో మొక్కని ఎలా పట్టి చూడాలి

పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం ఎండకి అన్ని మొక్కలూ వాలి ఉంటాయి, ఏది జబ్బుదో ఏది దాహంతో ఉందో తేడా తెలియదు. అప్పుడే నీళ్ళు కొట్టిన మొక్కలన్నీ తాజాగా కనిపిస్తాయి, దానికీ మోసపోకండి.

ఒక మొక్కని చేతిలోకి తీసుకుని ముందు ఆకు వెనక్కి తిప్పండి. ఆ తర్వాత ఆకు కాడ కాండానికి అతుక్కునే సందు చూడండి, పిండినల్లి ముందు దాక్కునేది అక్కడే. దూదిపింజ అంత తెల్లటి మచ్చ కనిపిస్తుంది, వేలితో రుద్దితే మైనంలా పాకుతుంది. అది దుమ్ము కాదు. ఆ మొక్క పక్కన పెట్టండి, దాని పక్కనున్న మొక్కలు కూడా వద్దు. కాడల మీద గోధుమ రంగు పొక్కుల్లాంటివి గోరుతో గీకితే ఊడొస్తున్నాయంటే పొలుసు పురుగు. ఆకు వెనక సాలెగూడు లాంటి సన్నటి బూజు, పైన సూదిపోటు లాంటి చుక్కలు ఉంటే నల్లి.

తర్వాత మొదలు పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. గట్టిగా నిలబడాలి. ఊగుతోందంటే నిన్నో మొన్నో కవరు మార్చి పెట్టారు, వేరు ఇంకా పట్టుకోలేదు. స్నేక్ ప్లాంట్ అయితే ఆకు అడుగుని రెండు వేళ్ళతో నొక్కండి, మెత్తగా ఉంటే లోపల కుళ్ళు మొదలైనట్టే. మట్టి వాసన చూడండి. పులిసిన వాసన వస్తే వదిలేయండి.

నిండా పువ్వులతో ఉన్నదాని కంటే మొగ్గల మీద ఉన్నది తీసుకోండి. నిలువెత్తు మొక్క కంటే లేత చిగురు వేస్తున్న మధ్యరకం మొక్క మేలు. నర్సరీలో ఆకులకి నూనె లాంటిది పూసి మెరిపిస్తారు, అది చూసి ఆరోగ్యం అనుకోవద్దు.

గోదావరి జిల్లాలవాళ్ళకి కడియం దగ్గరే ఉంది. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి రోడ్డు వెంట నాలుగైదు నర్సరీలు తిరిగి అదే మొక్క పోల్చి చూసుకోవచ్చు. హైదరాబాద్‌వాళ్ళు నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర పెట్టే నర్సరీ మేళాకి వెళ్తే రకాలు ఎక్కువ దొరుకుతాయి. అయితే మేళాలో మొక్కలు రోజుల తరబడి లారీలో, టెంటులో నలిగి ఉంటాయి కాబట్టి ఆఖరి రోజు కాకుండా మొదటి రెండు రోజుల్లోనే వెళ్ళండి.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి నేరుగా వాళ్ళింటికే పంపించడం నాకు నచ్చదు. డబ్బా తెరిచేసరికి ఎలా ఉంటుందో మీరు చూడరు. తప్పనిసరైతే ముందు మీ ఇంటికి తెప్పించుకుని, తేరుకున్నాక ఇవ్వండి.

4. రెండు వారాల ముందే కొని ఇంట్లో పెట్టండి

ఈ గైడ్‌లో ఒక్క అడుగే పాటిస్తానంటే ఇదే పాటించండి. షేడ్ నెట్ కింద, తేమలో పెరిగిన మొక్క ఒక్కసారిగా హాల్లోకి వస్తే కింది ఆకులు రెండు మూడు పసుపెక్కి రాలతాయి. ఆ రాలేదేదో మీ ఇంట్లో రాలితే, వాళ్ళ చేతికి వెళ్ళేసరికి మొక్క కుదుటపడి ఉంటుంది.

- మొదటి రోజు: ఆకుల వెనక, ముందు తడిగుడ్డతో తుడవండి. మీ ఇంట్లోని మిగతా మొక్కలకి దూరంగా పెట్టండి.
- మొదటి వారం: కుండీ మార్చొద్దు, ఎరువు వేయొద్దు. వెలుతురున్న చోట, నేరుగా ఎండ పడకుండా ఉంచండి.
- ఏడో రోజు: పురుగు కోసం మళ్ళీ చూడండి. నాలుగైదు మచ్చలైతే మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో దూది ముంచి తుడిచేయొచ్చు. ఎక్కువుంటే లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు ద్రావకం కలిపి సాయంత్రం పూట కొట్టండి, వారం ఆగి మళ్ళీ కొట్టండి. అప్పటికీ పోకపోతే ఆ మొక్క బహుమతికి పనికిరాదు, ఇంకోటి కొనండి.
- రెండో వారం మొదట్లో: కుండీ మార్చండి.

రేపే ఫంక్షన్, రెండు వారాలు లేవంటారా? అప్పుడు స్నేక్ ప్లాంట్ గానీ జీజీ గానీ తీసుకోండి, కుండీ మార్చకుండా నర్సరీ కుండీతోనే అందమైన బయటి కుండీలో దించి ఇవ్వండి. చోటు మార్పుకి తట్టుకునేవి ఆ రెండే.

5. కుండీ, మట్టి

అడుగున రంధ్రం లేని కుండీలో మొక్క నాటి ఇవ్వకండి. దీనికి మినహాయింపు లేదు. సెరామిక్ షాపుల్లో దొరికే అందమైన కుండీలు చాలావాటికి రంధ్రం ఉండదు, కింద గులకరాళ్ళు పోస్తే సరిపోతుందని చెబుతారు. సరిపోదు. నీళ్ళు రాళ్ళ మధ్య నిలిచి, పై మట్టి ఆరకుండా చేస్తాయి. రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీలో మొక్క నాటి, దాన్ని సెరామిక్ కుండీలో దించండి. నీళ్ళు పోసేటప్పుడు పైకి తీసి, కారిపోయాక మళ్ళీ పెట్టుకుంటారు.

సైజు: పాత కవరు కంటే రెండు అంగుళాలు మాత్రమే వెడల్పు ఉండాలి. "పెరుగుతుంది కదా" అని పెద్ద కుండీ తీసుకుంటే, వేరు తాగలేనంత నీరు మట్టిలో ఉండిపోతుంది.

మన నర్సరీ కవర్లలో ఎక్కువగా ఎర్రమట్టే ఉంటుంది, ఎండితే రాయిలా గట్టిపడుతుంది, తడిస్తే గాలాడదు. ఇంటి లోపల అది పనికిరాదు. నేను వాడే పాళ్ళు ఇవి:

- ఎర్రమట్టి 1 పాలు
- కొబ్బరిపొట్టు 1 పాలు
- వర్మీకంపోస్ట్ లేదా బాగా చివికిన పశువుల ఎరువు 1 పాలు
- గరుకు ఇసుక లేదా పెర్లైట్ (తెల్లగా, తేలిగ్గా ఉండే రాతి గుళికలు) 1 పాలు
- కుండీకి ఒక గుప్పెడు వేపపిండి

స్నేక్ ప్లాంట్, జీజీలకి ఇసుక రెండు పాళ్ళు వేసి కొబ్బరిపొట్టు సగానికి తగ్గించండి. కొబ్బరిపొట్టు ఇటుకని నానబెట్టాక ఆ నీళ్ళు ఒకసారి పిండి పారబోయండి, దానిలో ఉప్పు ఉంటుంది. సముద్రపు ఇసుక వాడొద్దు, అదీ ఉప్పే.

నల్ల కవరుని బ్లేడుతో నిలువుగా కోసి తీయాలి, మొక్కని పట్టుకుని లాగకూడదు. వేర్ల ముద్ద చుట్టూ బిగిసిపోయిన మట్టిని వేళ్ళతో కాస్త వదులు చేసి, పాత కవరులో ఏ లోతున ఉందో అదే లోతున నాటండి. పైన అంగుళం ఖాళీ ఉంచండి. ఒకసారి నిండా నీళ్ళు పోసి కారనిచ్చి, నాలుగైదు రోజులు నీడలో వదిలేయండి.

6. చీటీ రాసి కట్టండి

మొక్కతో పాటు చీటీ వెళ్ళాలి. నోటితో చెప్పినవన్నీ ఫంక్షన్ హడావిడిలో ఎవరికీ గుర్తుండవు. "ఇండోర్ ప్లాంట్, తక్కువ నీళ్ళు" అని రాస్తే లాభం లేదు, ఎవరి తక్కువ వాళ్ళది. వేలితో చూసి తెలుసుకునేలా రాయాలి. జీజీకి ఇలా రాయొచ్చు:

"నా పేరు జీజీ. కిటికీకి నాలుగైదు అడుగుల దూరంలో పెట్టండి, ఎండ నేరుగా వద్దు. రెండు అంగుళాల లోతు దాకా వేలు పెట్టి చూడండి. పూర్తిగా పొడిగా ఉంటేనే కింది నుంచి కారేదాకా పోయండి. ఏమాత్రం తడి తగిలినా వద్దు. మామూలుగా మూడు వారాలకోసారి, వానాకాలంలో నెలకోసారి. నా కొత్త కొమ్మలు నెమ్మదిగా వస్తాయి, కంగారు పడకండి. ఆకులు నోట్లో పెట్టుకోకూడదు."

ఇంట్లో పెద్దవాళ్ళు చదువుకునేలా తెలుగులోనే రాయండి, అక్షరాలు పెద్దవిగా. నీళ్ళు పోసేది ఎక్కువగా వాళ్ళే.

ఏ నీళ్ళు పోయాలో కూడా ఒక లైను రాయండి. ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్ళు పారబోయడం ఇష్టంలేక మొక్కలకి పోస్తుంటారు, వాటిలో లవణాలు మామూలు నీళ్ళ కంటే ఎక్కువ. బోరు నీళ్ళు కూడా చాలా కాలనీల్లో ఉప్పగానే ఉంటాయి. స్పైడర్ ప్లాంట్, అరెకా, లక్కీ బాంబూ ఆకుల కొసలు ఎండిపోవడానికి ఇదొక పెద్ద కారణం. మున్సిపల్ నీళ్ళు ఒక రాత్రి బకెట్‌లో ఉంచి పోస్తే క్లోరిన్ పోతుంది. ఏసీ నుంచి కారే నీళ్ళు, వాన నీళ్ళు ఇంకా మంచివి.

7. తీసుకెళ్ళడం, చేతికివ్వడం

- ముందు రోజు నీళ్ళు పోయొద్దు, రెండు రోజుల ముందు పోయండి. తడి మట్టి బరువు, కారు పాడవుతుంది.
- మట్టి పైన పాత పేపరు పరిచి టేపు వేయండి, ఒరిగినా ఒలకదు.
- ఏప్రిల్, మే నెలల్లో ఆపిన కారులో పావుగంట కూడా వదలొద్దు, ఆకులు ఉడికిపోతాయి.
- స్కూటీ మీద అయితే పేపరుతో చుట్టండి, గాలికి ఆకులు చిరుగుతాయి.
- అలంకరణకి సన్నటి రిబ్బన్ చాలు. ప్లాస్టిక్ షీటు చుట్టి బిగించి కడితే లోపల ఆవిరి పట్టి ఆకులు నల్లబడతాయి. మెరుపుల స్ప్రే, రంగురాళ్ళు వద్దు.

గృహప్రవేశంలో హోమం పొగ, జనం తోపులాట ఉంటాయి. ఆ సందట్లో ఇచ్చేకంటే, వీలైతే రెండు రోజులాగి కాస్త ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకెళ్ళి, ఎక్కడ పెట్టాలో చూపించి రండి. అదే రోజు ఇవ్వాల్సి వస్తే నీళ్ళు పోసే మనిషి ఎవరో వాళ్ళ చేతికే ఇవ్వండి.

8. రిటర్న్ గిఫ్ట్‌గా యాభై, వంద కావాలంటే

పెళ్ళిళ్ళకి, వరలక్ష్మీ వ్రతం తాంబూలంలోకి, బొమ్మల కొలువు పేరంటానికి మొక్కలిచ్చే అలవాటు మంచిదే. కానీ ఇక్కడ ఒక్కో ఇల్లు చూసి ఎంచుకునే వీలు లేదు. అందుకే ఏ ఇంట్లోనైనా బతికేదే తీసుకోండి: చిన్న స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్. మూడు రకాలూ కలిపి ఒక టేబుల్ మీద పెట్టి, వచ్చినవాళ్ళని తమకి కావాల్సింది తీసుకోనిస్తే ఇంకా మంచిది. పిల్లి, కుక్క, పాకే పిల్లలు ఉన్నవాళ్ళు స్పైడర్ ప్లాంట్ తీసుకునేలా అక్కడే చిన్న బోర్డు పెట్టండి.

నెల ముందే నర్సరీకి చెప్పి, పదో వంతు అదనంగా ఆర్డర్ ఇవ్వండి. దారిలో కొన్ని నలుగుతాయి, కొన్నిటికి పురుగుంటుంది. చిన్న కుండీలు త్వరగా ఆరిపోతాయి కాబట్టి రెండు మూడు రోజులకోసారి తడి చూసే పని ఒకరికి అప్పగించాలి. డబ్బాల్లో పేర్చి ఉంచొద్దు, వచ్చిన వెంటనే విప్పి వెలుతురులో పరచండి.

పెళ్ళికి దూరం నుంచి వచ్చి రైల్లో, విమానంలో తిరిగి వెళ్ళేవాళ్ళకి మొక్క భారమే. వాళ్ళకి వేరేది ఏదైనా సిద్ధం చేసుకోండి.

9. విదేశాల్లో ఉన్నవాళ్ళకి

ఇక్కడి నుంచి మొక్క పట్టుకెళ్ళే ఆలోచన మానుకోండి. మట్టితో ఉన్న మొక్కని అమెరికా లోపలికి రానివ్వరు, ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. కరివేపాకు మొక్క ఇస్తే అక్కడి తెలుగువాళ్ళు ఎంత సంతోషిస్తారో నాకు తెలుసు, అయినా జాగ్రత్త. నిమ్మ, నారింజ చెట్లకి తెగులు మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది, అందుకే కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సస్‌లలో ఆ మొక్కల తరలింపు మీద ఆంక్షలున్నాయి. వాళ్ళ రాష్ట్రంలోనే లైసెన్సున్న నర్సరీలో కొని ఇవ్వాలి.

చలికాలంలో ఇచ్చేటప్పుడు ఒకటే సూత్రం: పైన ఇవ్వమని చెప్పిన మొక్కలన్నీ ఉష్ణమండలానివి, 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే ఆకులు దెబ్బతింటాయి. కొట్టు నుంచి కారుకి నడిచే ఆ కాసేపటికి కూడా కాగితం సంచీలో పెట్టి మూతి మడవండి.

10. ఇచ్చాక వచ్చే ఫోన్లు

మొదటి నెలలో ఫోన్ తప్పకుండా వస్తుంది. ముందుగా అడగాల్సింది "మట్టి తడిగా ఉందా?" అని. ఫొటో కంటే ఆ సమాధానమే ఎక్కువ చెబుతుంది.

కింది ఆకులు ఒకటి రెండు పసుపెక్కాయి, మట్టి మామూలుగానే ఉంది: చోటు మారిన అలసట. తుంచేసి వదిలేయమనండి.

చాలా ఆకులు ఒకేసారి పసుపెక్కాయి, మట్టి తడిగా ఉంది: నీళ్ళు ఎక్కువయ్యాయి. పోయడం ఆపి, గాలి తగిలే చోట పెట్టాలి. బయటి కుండీ అడుగున నీళ్ళు నిలిచాయేమో చూడమనండి, పది సార్లలో ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

ఆకులు వాలాయి, మట్టి పొడిగా ఉంది: దాహం. మట్టి కుండీ గోడల్ని వదిలేసి కుంచించుకుపోతే పైనుంచి పోసిన నీళ్ళు పక్కల నుంచి జారిపోతాయి. అప్పుడు కుండీని బకెట్ నీళ్ళలో అరగంట పెట్టి తీయాలి.

కొసలు గోధుమ రంగులోకి మారాయి: నీళ్ళలో ఉప్పు, లేదా ఏసీ గాలి నేరుగా తగలడం. చోటు మార్చి, మంచి నీళ్ళతో ఒకసారి కుండీ నిండా పోసి కిందికి కారనిస్తే పేరుకున్న లవణాలు కొంత కొట్టుకుపోతాయి.

తీగ సన్నగా సాగిపోయి ఆకుల మధ్య దూరం పెరిగింది: వెలుతురు చాలట్లేదు. కిటికీ దగ్గరికి జరిపి, తీగని సగానికి కత్తిరించి ఆ ముక్కలు అదే కుండీలో గుచ్చితే గుబురుగా వస్తుంది.

మట్టి పైన చిన్న నల్ల ఈగలు: తడి ఎప్పుడూ ఆరట్లేదని అర్థం. పై రెండు అంగుళాలు పూర్తిగా ఆరనివ్వాలి, పైన పలచగా ఇసుక పరవాలి.

స్నేక్ ప్లాంట్ అడుగు మెత్తబడి ఆకు పడిపోయింది: వేరు పోయినట్టే, కానీ ఆకు ఇంకా పనికొస్తుంది. కుళ్ళిన భాగం పైకి, గట్టిగా ఉన్న చోట శుభ్రమైన కత్తితో కోసి, కోసిన అంచుని రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, ఇసుక ఎక్కువున్న మట్టిలో రెండు అంగుళాలు లోపలికి గుచ్చాలి. కింద వైపు ఏదో గుర్తు పెట్టుకోమనండి, తలకిందులుగా గుచ్చితే వేరు రాదు. వేరు వేయడానికి నెలా రెండు నెలలు పడుతుంది. పసుపు అంచు ఉన్న రకమైతే ఆకు ముక్క నుంచి వచ్చే పిలకకి ఆ అంచు రాదు, పచ్చగానే వస్తుంది, ఆ సంగతి ముందే చెప్పేయండి.